ఎంపీపీ ఎన్నికకు విప్ జారీ: నా అనుభవం

2021 సెప్టెంబర్ 24న రాష్ట్రమంతా ఎంపీపీ, అంటే మండల పరిషత్ అధ్యక్షుల ఎన్నికలు జరిగాయి. ఓటు వేసేది గెలిచిన ఎంపీటీసీ సభ్యులే. చిత్తూరు జిల్లాలో 14 ఎంపీటీసీ స్థానాలున్న ఒక మండలంలో మా పార్టీ విప్, అంటే ఫలానావారికే ఓటు వేయాలని పార్టీ తన సభ్యులకిచ్చే ఆదేశం, ఆ కాగితాల పని నేను చూశాను. మా గుర్తు మీద గెలిచినవాళ్లు 9 మంది. లెక్క ప్రకారం ఢోకా లేదు. కానీ గీత దాటినవాళ్ల మీద చర్య నిలబడాలంటే తలకాయల లెక్క చాలదు, కాగితం సరిగ్గా ఉండాలి.

విప్ గుర్తింపు పొందిన పార్టీలకే ఉంటుంది, ఆ గుర్తు మీద గెలిచినవాళ్లకే వర్తిస్తుంది. ఇండిపెండెంట్ గెలిచాక కండువా కప్పుకున్నా అతనికి విప్ ఇవ్వలేం. సర్పంచ్, వార్డు మెంబర్ల ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు కాబట్టి ఉప సర్పంచ్ ఎన్నికలో విప్ మాటే లేదు.

మొదట రాష్ట్ర పార్టీ నుంచి అధికారపత్రం తెచ్చుకోవాలి. దాని ఆధారంగా విప్‌ను (ఆ ఆదేశం జారీ చేసే మనిషినీ విప్ అనే అంటారు) నియమించిన లేఖ ఎన్నికకు ముందు రోజు ఉదయం 11 గంటల్లోగా, ఎన్నిక జరిపించే ప్రిసైడింగ్ అధికారి చేతిలో పడాలి. 23వ తేదీ పదింటికే ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చి, మా ప్రతి మీద టైమ్‌తో సహా ముద్ర వేయించుకున్నాం. పదకొండు దాటాక ఎంత పెద్ద నాయకుడు ఫోన్ చేయించినా లాభముండదు.

ఇక విప్ రాయడం. సగం గొడవలు ఇక్కడే పుడతాయి. ‘మన అభ్యర్థికి ఓటు వేయండి’ అని రాస్తే చెల్లుబాటుకాని కాగితం చేతికిచ్చినట్టే. అభ్యర్థి పేరు ఇంటిపేరుతో సహా ఎన్నిక ధ్రువపత్రంలో ఎలా ఉందో అలాగే ఉండాలి. అధ్యక్షుడికి, ఉపాధ్యక్షుడికి వేరువేరుగా రాయాలి. అధ్యక్షుడి పేరొక్కటే రాసి వదిలేస్తే, ఉపాధ్యక్షుడి దగ్గర అటు చెయ్యెత్తినవాడిని పట్టుకోలేం. ‘హాజరై, ఫలానావారికి చెయ్యెత్తి ఓటు వేయాలి’ అని ఉండాలి. లేదంటే గైర్హాజరైనవాడు ‘ఓటు వేయమన్నారు గానీ రమ్మనలేదు’ అంటాడు. ‘సమావేశం వాయిదా పడితే ఆ తేదీకి కూడా వర్తిస్తుంది’ అన్న వాక్యం మరిచిపోకూడదు. కనీసం సగం మంది రాకపోతే కోరం లేక మరుసటి రోజుకు పోతుంది. 2025 ఫిబ్రవరిలో తిరుపతి డిప్యూటీ మేయర్ ఎన్నిక అలాగే 3 నుంచి 4వ తేదీకి పోయింది.

ఒక్కొక్కరికి మూడు ప్రతులు తీశాం. ఒకటి సభ్యుడికి, ఒకటి అధికారికి, ఒకటి మా ఫైలుకు. క్యాంపులో, అంటే పార్టీ ఒకచోట ఉంచినవాళ్లతో సంతకం సులువే. ‘అక్కా, సంతకం కింద టైమ్ కూడా నీ చేత్తోనే రాయి’ అని దగ్గరుండి రాయించాలి. ‘అందినది, 23-9-2021, సాయంత్రం 6.40’ అని సభ్యురాలి చేతిరాతలో ఉంటే, తర్వాత నాకు అందలేదనే మాటకు చోటుండదు. సంతకం రానివాళ్లకు వేలిముద్ర, పక్కన సాక్షి సంతకం.

కష్టమంతా తలుపు తీయనివాళ్లతోనే. తాళం వేసిన ఇంటికి విప్ అతికించి, ఊరివాళ్లు ఇద్దరితో పంచనామా రాయించి, ఇంటి నంబరు కనబడేలా ఫోటో, వీడియో తీయాలి. వాట్సాప్‌లోనూ పంపండి, అయితే అదొక్కదాన్నే నమ్ముకోవద్దు. రసీదులతో కూడిన ప్రతులు ఎన్నిక సమావేశానికి కనీసం గంట ముందు అధికారికి చేరాలి. మాకు కో ఆప్టెడ్ సభ్యుడి (సభ్యులే కలిసి ఎన్నుకునే అదనపు సభ్యుడు) ఎన్నిక మధ్యాహ్నం 1 గంటకు, అధ్యక్షుడిది 3 గంటలకు. మూడింటికి కదా అని కూర్చోకుండా 12 లోపే అన్నీ ఇచ్చేశాం.

హాల్లో చేతులెత్తి ఓటు వేస్తారు. ఎవరు ఎవరికి ఎత్తారో అధికారి పేర్లతో రాసుకుంటారు. చాలామంది పొరబడేది ఇక్కడే: విప్ ధిక్కరించి వేసిన ఓటు కూడా చెల్లుతుంది, లెక్కలోకి వస్తుంది. విప్ ఫలితాన్ని మార్చదు. ఆ సభ్యుడి పదవిని మాత్రమే ప్రశ్నార్థకం చేస్తుంది. విప్‌గా నియమితుడైనవాడు ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ప్రిసైడింగ్ అధికారి నోటీసిచ్చి, సభ్యుడి వివరణ తీసుకుని నిర్ణయిస్తారు. అసెంబ్లీలో అయితే రాజ్యాంగంలో ఫిరాయింపుల మీద ఉన్న పదో షెడ్యూల్ కింద స్పీకర్ తేలుస్తారు, పార్టీ 15 రోజుల్లోపు క్షమించే వీలూ ఉంది.

ఆ విచారణలో అధికారి మొదట అడిగేది రసీదునే. అందుకే అసలు ప్రతుల ఫైలు నేను పార్టీ ఆఫీసు బీరువాలో వేరుగా పెట్టించాను, జిరాక్సులు మాత్రమే బయట తిరిగేవి.