బ్లూబెర్రీ డబ్బా, నేరేడు పళ్లు
అమ్మ షుగర్‌కి మంచిదని ఎవరో చెబితే మొన్న నెల్లూరు ట్రంక్ రోడ్డులో బ్లూబెర్రీ క్యాప్సూల్స్ డబ్బా కొనుక్కెళ్లా, పన్నెండొందలు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి "ఇదేందిరా, పండు తినాల గానీ మాత్ర మింగితే ఏం రుచి" అనింది.

రాత్రి కూర్చుని చదివా. 2019లో ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ వాళ్లు బరువు ఎక్కువున్న వాళ్లకి ఆరు నెలల పాటు రోజూ కప్పు బ్లూబెర్రీలకి, అంటే 150 గ్రాములకి సమానమైన పొడి ఇచ్చి చూస్తే రక్తనాళాల పనితీరు కాస్త మెరుగైందంట, ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే షుగర్ తగ్గించే ఇన్సులిన్ ఒంట్లో సరిగా పనిచేయకపోవడం, మాత్రం ఉన్నచోటే ఉందంట. నేను కొన్నదేమో దానికోసమే! అరకప్పు తీసుకున్నవాళ్లకి ఆ లాభమూ కనపడలేదు. మరి నా డబ్బా మీద ఒక్కో క్యాప్సూల్‌లో ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు ఎంతో ఎక్కడా రాయలేదు, వెనక చీమతలంత అక్షరాలు కూడా వెతికా. పండుకి ఆ ముదురు నీలం రంగు వచ్చేది వాటివల్లే, మన నేరేడుకీ అంతే.

సాయంత్రం అమ్మ బండి దగ్గర పావుకిలో నేరేడు పళ్లు తెప్పించి ఉప్పు చల్లింది. తిన్నాక ఇద్దరం నాలుకలు బయటపెట్టి చూసుకున్నాం, ఊదా రంగు. డాక్టరిచ్చిన మాత్రలు మాత్రం మానలేదులెండి. డబ్బా ఫ్రిజ్ మీద అట్టే ఉంది.