ప్రకాశం పంతులు గారి ప్లీడరీ రోజులు

మన ఒంగోలు వైపు ప్రకాశం పంతులు గారనగానే సైమన్ కమిషన్ నాటి తుపాకులకు ఎదురు నిలిచిన గుండెనే తలుచుకుంటారు. ఆయన ప్లీడరీ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అది నాకు లోటనిపిస్తుంది.

రాజమండ్రిలో ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఆ పట్టాతో కింది కోర్టుల్లోనే వాదించాలి. కేసు అప్పీలుకు పోయిందా, కాగితాలన్నీ మద్రాసులో ఇంకొకరి చేతిలో పెట్టాల్సిందే. ఎంత వాదనాపటిమ ఉన్నా ఆ గీత దాటలేరు. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిస్టరై 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో నిలబడ్డారు.

రెండు చేతులా సంపాదిస్తున్న ఆ ప్రాక్టీసునే 1921లో వదిలేసి, ఆస్తి ‘స్వరాజ్య’ పత్రికలో పోశారు.

1946లో మద్రాసు ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు), 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి. మద్యనిషేధం గొడవలో 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.