1,68,000 మైళ్ల తర్వాత ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మార్చడం

మా 2007 హోండా అకార్డ్ ఇప్పటికి 1,68,000 మైళ్లు, అంటే దాదాపు 2,70,000 కిలోమీటర్లు తిరిగింది. దానిది నాలుగు సిలిండర్ల ఇంజను, ఐదు గేర్ల ఆటోమేటిక్. పాత యజమాని కారుతోపాటు ఇచ్చిన రసీదులలో ఇంజను ఆయిల్ మార్చిన ప్రతి తేదీ ఉంది గాని, ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ ఊసు ఎక్కడా లేదు. ఈ చలికాలంలో రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు బండి సన్నగా కుదుపు ఇవ్వసాగింది. గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్, తీసి తెల్లకాగితం మీద ఒక చుక్క వేస్తే, ఎర్రగా ఉండవలసిన ఆయిల్ ముదురు గోధుమ రంగులో కనిపించింది. మాడు వాసన మాత్రం లేదు. నాకు ధైర్యం కలిగించింది అదే.

ఇక్కడ డాలస్‌లో నాకంటే ముందునుంచీ ఉంటున్న మిత్రుడొకాయన, "ఇన్ని మైళ్లు తిరిగిన బండికి ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుందండీ, దాని జోలికి వెళ్లకండి" అని గట్టిగా చెప్పారు. గేర్‌బాక్స్ లోపల అరిగిన క్లచ్ పలకల పొడి పాత ఆయిల్‌లో కలిసి ఉండి, ఆ పలకలకు కాస్త పట్టునిస్తుందనీ, కొత్త ఆయిల్ పోయగానే ఆ పట్టు పోయి గేర్లు జారిపోతాయనీ (ఇంజను వేగం పెరిగినా బండి లాగదనీ) ఈ మాటకు ఆధారంగా చెబుతారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని చాలామంది గేర్లు జారడం మొదలయ్యాకే ఆయిల్ సంగతి తలుస్తారు. అప్పటికే పలకలు అరిగిపోయి ఉంటాయి. నాలుగు రోజుల్లో గేర్‌బాక్స్ పోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్కసారే జరిగితే కాకిని తప్పుపట్టినట్టే ఇది. మా బండిలో గేరు జారడం లేదు, కుదుపు మాత్రమే ఉంది. కాబట్టి మార్చడమే మేలని నిశ్చయించుకున్నాను.

అయితే ఒక గ్యారేజీలో సూచించినట్టు, యంత్రం తగిలించి ఆయిలంతా ఒక్కసారిగా మార్పించడానికి నాకు మనసొప్పలేదు. ఈ ట్రాన్స్‌మిషన్‌లో సుమారు ఆరున్నర లీటర్ల ఆయిల్ ఉంటుంది; కింది బోల్టు విప్పితే దాదాపు రెండున్నర లీటర్లే బయటికి వస్తుంది, మిగిలినది టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజను శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లోపలి దారుల్లోనూ నిలిచిపోతుంది. అంటే ఒకసారి మారిస్తే నూటికి 38 వంతులు, మూడుసార్లు మారిస్తే దాదాపు 76 వంతులు కొత్తదవుతుంది. వారానికొకసారి చొప్పున మూడు వారాలు, మధ్యలో మామూలుగా బండి నడుపుతూ, ఈ పని చేశాను. ఈ కారుకు మొదట వాడిన జెడ్1 అనే ఆయిల్ స్థానంలో హోండా తెచ్చిన డీడబ్ల్యూ-1 రకాన్నే పోశాను. అన్ని బండ్లకూ సరిపోతుందని అమ్మే ఆయిల్ పోయలేదు. క్లచ్ ఎంత మృదువుగా పట్టుకోవాలో నిర్ణయించేది ఆయిల్‌లోని రసాయనాలే గనుక, అక్కడ నాలుగు డాలర్లు మిగుల్చుకోవడం సరికాదని నా అభిప్రాయం.

బోల్టుకున్న అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద దట్టంగా అంటుకుని ఉంది. వేళ్ల మధ్య రుద్ది చూస్తే కాటుకలా మెత్తగా ఉంది. లోహపు ముక్కలు తగిలి ఉంటే అక్కడితో ఆపి మెకానిక్ దగ్గరికి వెళ్లేవాడిని. అయస్కాంతాన్ని శుభ్రంగా తుడిచి, ప్రతిసారీ కొత్త వాషర్ వేసి బిగించాను. కారిన ఆయిల్‌ను ఖాళీ పాల డబ్బాలో పోసి, గీత పెట్టి, సరిగ్గా అంతే కొత్త ఆయిల్‌ను పొడుగాటి గరాటుతో డిప్‌స్టిక్ రంధ్రంలోంచి నింపాను. మట్టం చూసే పద్ధతి ఇంకా ముఖ్యం: ఇంజను బాగా వేడెక్కాక, సమతలం మీద బండి ఆపి, ఇంజను కట్టేసిన 60 నుంచి 90 సెకన్లలోపు చూడాలి. చాలా ఇతర కార్లకు ఇంజను నడుస్తుండగా చూడవలసి ఉంటుంది కాబట్టి, ఎవరి మాన్యువల్ వారు చదువుకోవాలి.

రెండోసారి మార్చాక కుదుపు బాగా తగ్గింది. మూడోసారికి కారిన ఆయిల్ ఎరుపుకు దగ్గరగా వచ్చింది. బాగా చలిగా ఉన్న ఉదయాల్లో, మొదటి మైలులో మాత్రం ఇంకా కొద్దిగా తెలుస్తూనే ఉంది. ఇకపై 30,000 మైళ్లకొకసారి రెండున్నర లీటర్లు మార్చాలని, ఈ తేదీనీ మైళ్లనూ పాత యజమాని రసీదుల పక్కనే రాసి పెట్టాను.