గ్యాస్ మాత్ర కాపాడలేని చోటు

మోకాళ్ళ నొప్పుల కోసం మా అమ్మ నాలుగేళ్ళ పాటు రోజూ డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంది. పరగడుపున పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటోంది కనుక ఏ హానీ ఉండదని ఇంటిల్లిపాదీ నమ్మాము. హిమోగ్లోబిన్ 7 గ్రాములకు పడిపోయినప్పుడు చేయించిన, జీర్ణాశయాన్ని చూసే ఎండోస్కోపీలో గానీ, పెద్దప్రేగును చూసే కొలనోస్కోపీలో గానీ ఏమీ కనబడలేదు. చివరకు కెమెరా ఉన్న క్యాప్సూల్ మింగించి చూస్తే, చిన్నప్రేగులో పుండ్లు బయటపడ్డాయి.

ఆ తరువాతే ఈ విషయాన్ని శ్రద్ధగా చదివాను. ఆస్పిరిన్ వంటి మందులు ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల ఉత్పత్తిని అడ్డుకుని నొప్పిని, వాపును తగ్గిస్తాయని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపారు. డైక్లోఫెనాక్ కూడా ఆ కోవదే. కానీ జీర్ణాశయం, ప్రేగుల లోపొరను కాపాడేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. పైగా డైక్లోఫెనాక్ కాలేయం నుండి పైత్యరసంతో కలిసి మళ్ళీ చిన్నప్రేగులోకి చేరి, అక్కడి బాక్టీరియా చర్య వల్ల తిరిగి క్రియాశీలమై, ఆ పొరను పదే పదే తాకుతుంది. ఆమ్లాన్ని తగ్గించే మాత్ర జీర్ణాశయాన్ని, దానిని ఆనుకుని ఉన్న ఆంత్రమూలాన్ని కాపాడగలదు గానీ, ఆమ్లంతో నిమిత్తం లేకుండా ఇంకా కిందికి జరిగే ఈ గాయాన్ని ఆపలేదు. ఏళ్ళ తరబడి వాడితే, పుండ్లు మానిన చోట సన్నని అడ్డుపొరలు ఏర్పడి ప్రేగు దారి ఇరుకైపోవచ్చు కూడా.

నన్ను ఎక్కువగా బాధించేది, చాలామందిలో ఇది కడుపునొప్పి కూడా లేకుండా, కంటికి కనబడని రక్తస్రావంగానే సాగడం. అమ్మ నీరసాన్ని మేము వయసు ప్రభావం అనుకున్నాము. వైద్యుల చీటీ లేకుండా నెలకు సరిపడా మాత్రలు కొని తెచ్చింది నేనే. వైద్యుల సలహాతో వాటిని మానిపించి, ఐరన్ మొదలుపెట్టిన మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11కు చేరింది. మోకాళ్ళకు ఇప్పుడు వ్యాయామం, అవసరమైన రోజున పారాసిటమాల్.