ఒంటిగంటన్నర నొప్పి: సిలిండర్, మాస్కు, ఈసీజీ

ఈ జబ్బుకి తెలుగులో సొంత పేరు లేదు. ఒంటికణత నొప్పి అంటే విన్నవాళ్లు మైగ్రేన్ అనుకుంటారు. డాక్టర్లు రాసే పేరు క్లస్టర్ హెడేక్. కొన్ని వారాలపాటు గుంపుగా వచ్చి, తర్వాత నెలలో ఏళ్లో జాడ లేకుండా పోతుంది కాబట్టి ఆ పేరు. నాది ఎడమ కంటి వెనక, నిద్రపట్టిన గంటన్నరకి. పక్క మారదు, వేళ కూడా పెద్దగా మారదు.

మైగ్రేన్ మనిషి చీకటి గదిలో కదలకుండా పడుకుంటాడు. ఇది వచ్చిన మనిషి పడుకోలేడు. లేచి పచార్లు చేస్తాడు, కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతాడు, గోడకి తల ఆనించి నొక్కుతాడు. నొప్పి ఎంత ఘోరమో వర్ణించడం కన్నా డాక్టరుకి ఈ ఒక్క సంగతి చెప్పడం మేలు. దాంతోపాటు నొప్పి ఉన్న వైపే కన్ను ఎర్రబడి నీరు కారడం, ఆ వైపు ముక్కు బిగుసుకోవడం, రెప్ప వాలడం, నుదుట చెమట. మందు వేయకపోతే ఒక్కో దఫా 15 నుంచి 180 నిమిషాలు ఉంటుంది. రోజు విడిచి రోజు ఒకటి మొదలుకొని రోజుకి 8 దాకా రావచ్చు.

ముక్కు కారుతుంది కాబట్టి సైనస్ అంటారు, ఆవిరి పట్టమంటారు. పైదవడ దాకా పాకుతుంది కాబట్టి బాగున్న పన్ను పీకించుకున్నవాళ్లూ ఉన్నారు. సైనస్ నొప్పి గడియారం చూసుకుని రాదు, గంటలో మాయమూ కాదు. దఫా నడుస్తుండగా ఇంట్లోవాళ్లు ముఖాన్ని ఒక నిమిషం వీడియో తీసి న్యూరాలజిస్టుకి చూపిస్తే సగం వాదన తగ్గుతుంది. మొదటిసారి ఎమ్మారై, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి కూడా కనిపించేలా, తీయించాల్సిందే. దఫాలు మరీ చిన్నవై, 2 నుంచి 30 నిమిషాలే ఉండి, రోజుకి ఐదుకి మించితే అది పారాక్సిస్మల్ హెమిక్రేనియా కావచ్చు. దానికి ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు పనిచేస్తుంది, దీనికి పనిచేయదు.

వేళ తప్పకపోవడానికి కారణం ఉంది. 1998లో లండన్ పరిశోధకులు నొప్పి నడుస్తుండగా పెట్ స్కాన్ తీస్తే, శరీర గడియారం ఉండే హైపోథాలమస్ ప్రాంతం చురుగ్గా కనిపించింది.

ఇక అసలు విషయం ఆక్సిజన్. "పెట్టాం, పనిచేయలేదు" అనేవాళ్లని కాస్త అడిగితే ముక్కు గొట్టాలతో నిమిషానికి 4 లీటర్లు పెట్టారని తేలుతుంది. అది వైద్యం కాదు. 2009లో అచ్చయిన పరీక్షలో నిమిషానికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు పెడితే 78 శాతం దఫాల్లో నొప్పి పోయింది, లేదా బాగా తగ్గింది. మామూలు గాలికి అది 20 శాతమే. కావలసింది 12 నుంచి 15 లీటర్ల ప్రవాహం, సంచి ఉన్న నాన్‌రీబ్రీదర్ మాస్కు. కోవిడ్ రోజుల్లో కొన్న 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ మూలన ఉంటే ఉండనివ్వండి, ఈ పనికి అది చాలదు. సిలిండరే కావాలి.

లెక్క సులువు. చిన్న బి టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 15 చొప్పున 100 నిమిషాలు, అంటే 20 నిమిషాల దఫాలు ఐదు. పెద్ద డి టైప్‌లో సుమారు 7,000 లీటర్లు, దఫాలు 23. రోజుకి రెండు చొప్పున ఆరు వారాలు నడిస్తే 84 దఫాలు, నాలుగు పెద్ద సిలిండర్లు. నిండు సిలిండర్ మీటరు 150 దగ్గర చూపిస్తే, 50కి దిగినప్పుడు మిగిలింది మూడో వంతు. అప్పుడే ఫోన్ చేయాలి. అర్ధరాత్రి సున్నా చూసి లాభం లేదు. అద్దెకి తెచ్చేటప్పుడు ఫ్లోమీటరు 15 దాకా ఉందో లేదో చూసుకోండి. తేమ సీసాలో నీళ్లు ఈ కొద్దిసేపటికి అక్కర్లేదు. సీసా మూత వదులుగా ఉంటే మాత్రం సగం గాలి అక్కడే బుస్సుమని పోతుంది.

నొప్పి మొదలైన మొదటి నిమిషాల్లోనే మొదలుపెట్టాలి. "చూద్దాం, తగ్గుతుందేమో" అని పావుగంట ఆగితే పని కష్టమవుతుంది. వాల్వు నెమ్మదిగా తెరిచి, ప్రవాహం 15కి పెట్టి, మాస్కు లోపలి రంధ్రాన్ని వేలితో మూస్తే సంచి నిండుతుంది. అప్పుడు తొడుక్కోవాలి. కుర్చీలో ముందుకి వంగి కూర్చుని, మాస్కుని చేత్తో ముఖానికి నొక్కిపట్టాలి. రబ్బరు తాడు ఒక్కటే చాలదు, గడ్డం ఉంటే అసలే చాలదు. పీల్చినప్పుడు సంచి పూర్తిగా ముడుచుకుపోతుంటే ప్రవాహం తక్కువన్నమాట. నొప్పి పోయాక నేను ఇంకో ఐదు నిమిషాలు ఉంచుతాను. పొగతాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు డాక్టరుని అడగకుండా ఇది మొదలుపెట్టకూడదు.

నిప్పు సంగతి మన ఇళ్లలో ఎవరూ చెప్పరు. సిలిండర్ ఉన్న గదిలో దీపం, అగరుబత్తి, దోమల చుట్ట, సిగరెట్టు ఏవీ ఉండకూడదు. కొబ్బరినూనె పట్టించిన చేత్తోనో బామ్ రాసిన వేళ్లతోనో వాల్వు తిప్పకూడదు. ఎక్కువ ఒత్తిడి ఆక్సిజన్‌కి నూనె తగిలితే అంటుకుంటుంది. సిలిండర్‌ని గొలుసుతో గోడకి కట్టాలి.

ఇంటి బయట సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్, 6 మిల్లీగ్రాములు, చర్మం కింద. పది పదిహేను నిమిషాల్లో పనిచేస్తుంది. రెంటి మధ్య కనీసం గంట, 24 గంటల్లో రెండుకి మించకూడదు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే అసలు వద్దు. అదే మందు మాత్రగా మింగితే అది అందుకునేసరికి దఫా ముగింపుకొస్తుంది. పారాసెటమాల్ గురించి రాయడం కూడా వృథా.

దఫాని ఆపడం ఒకటి, గుంపునే అణచడం ఇంకొకటి. దానికి వెరపమిల్, బీపీకి కూడా వాడే మందు. చాలామందికి 80 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి రోజు మొత్తానికి 80 పెంచుతారు. అవసరమైతే రోజుకి 960 దాకా వెళ్తారు. బీపీకి ఇచ్చే మోతాదు దగ్గరే ఆపేసి "పనిచేయలేదు" అనడం మామూలు పొరపాటు. కానీ పెంచిన ప్రతిసారీ ఈసీజీ తీయాలి, పీఆర్ విరామం, అంటే గుండె పై గదుల నుంచి కింది గదులకి సంకేతం చేరే వ్యవధి, చూడాలి, ఎందుకంటే ఈ మందు గుండె లోపలి సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. మైగ్రేన్ అనుకుని ఎవరో రాసిన ప్రొప్రనలాల్ ఇంకా వాడుతుంటే అది ముందు చెప్పాలి. రెండూ కలిస్తే నాడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. మలబద్ధకం మామూలే, పాదాలు వాచవచ్చు. గ్రేప్‌ఫ్రూట్, దాని బంధువు పంపరపనస ఆ రోజుల్లో మానేయడం మంచిది.

వెరపమిల్ పట్టుకోవడానికి వారం రెండు వారాలు పడుతుంది. ఆ లోపు వంతెనలా ప్రెడ్నిసలోన్ ఇస్తారు: 2021లో వచ్చిన పరీక్షలో దాని జంట మందు ప్రెడ్నిసోన్‌ని రోజుకి 100 మిల్లీగ్రాములు ఐదు రోజులు ఇచ్చి, తర్వాత మూడు రోజులకోసారి 20 తగ్గించారు. షుగర్ ఉన్నవాళ్లకి దాని బదులు తల వెనక ఆక్సిపిటల్ నరం దగ్గర ఇంజెక్షన్ అడగవచ్చు. అందులోనూ స్టీరాయిడ్ ఉంటుంది కాబట్టి ఆ వారం షుగర్ చూసుకోవాల్సిందే. విరామం మూడు నెలలు కూడా లేకుండా ఏడాది పొడుగునా నడిచేదాన్ని క్రానిక్ అంటారు. అక్కడ లిథియం వస్తుంది. మన మే నెల ఎండల్లో ఒళ్లు ఎండితే రక్తంలో లిథియం పెరుగుతుంది, ఐబుప్రొఫెన్ వేసుకున్నా పెరుగుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి, గుంపు అప్పుడప్పుడూ వచ్చే రకమైతే, 2019 నుంచి గాల్కనెజుమాబ్ ఇంజెక్షన్ నెలకి 300 మిల్లీగ్రాములు అనుమతిలో ఉంది.

గుంపు నడిచే రోజుల్లో మద్యం ఒక్క గుక్క చాలు, గంటలోపే తెస్తుంది. విరామంలో అదే మద్యం ఏమీ చేయదు, అందుకే చాలామంది నమ్మరు. సార్బిట్రేట్ లాంటి గుండె మాత్రలూ, పగటి కునుకూ కూడా అంతే.

నొప్పి నడిమధ్యలో చచ్చిపోదామనిపించడం ఈ జబ్బులో అరుదు కాదు. ఇంట్లో ఒకరికి సిలిండర్ తెరవడం నేర్పి ఉంచాలి. ఆ ఆలోచన దఫా తర్వాత కూడా వదలకపోతే 14416 టెలీమానస్‌కి ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

రెండు వారాలు పూర్తిగా నొప్పి లేకపోతే, డాక్టరుతో మాట్లాడి వెరపమిల్ మెల్లగా దించుతాం. ఒక్కసారిగా ఆపితే నొప్పి తిరిగి రావచ్చు. సిలిండర్ వెనక్కి పోతుంది. మాస్కు, ఫ్లోమీటరు, చివరి ఈసీజీ కాగితం, రాత్రి వేళలు రాసిన పుస్తకం ఒకే సంచిలో ఉంటాయి. సంచి మీద ఇంజెక్షన్ గడువు తేదీ, కిందటి గుంపు మొదలైన నెల.