టైము దాచిపెట్టే వాచీ

బ్యాగులూ స్కార్ఫులూ అమ్మే కంపెనీ వాచీలు చేస్తోందంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపే. ఎవరో చేసిన స్విస్ మిషను తెచ్చి, డయల్ మీద తమ పేరు కొట్టి రేటు పెంచేయడమే కదా అనుకునేవాణ్ణి, చాలా బ్రాండ్ల విషయంలో ఇప్పటికీ అదే అనుకుంటాను. ఎర్మెస్ దగ్గర మాత్రం నోరు మూసుకోవాల్సి వచ్చింది. (మనం హెర్మిస్ అంటాం గానీ ఫ్రెంచివాళ్లు ఆ 'హ' పలకరు.)

1837లో పారిస్‌లో గుర్రాల కళ్లేలు, తోలు పట్టీలు కుట్టే దుకాణం అది. 1978లో స్విట్జర్లాండ్‌లోని బియెన్‌లో వాచీల కోసమే ఒక కంపెనీ పెట్టారు. అదే ఏడాది వచ్చిన ఆర్సో వాచీ చూడండి, పట్టీ తగిలించే కొమ్ములు పైన ఒకలా కింద ఒకలా ఉండి, గుర్రమెక్కేవాళ్లు కాలు పెట్టే రికాబును గుర్తుచేస్తాయి, అంకెలేమో గుర్రం దౌడు తీస్తున్నట్టు పక్కకి వాలి ఉంటాయి. 2006లో వోషే అనే, వాచీల లోపలి మిషన్లు చేసే సంస్థలో పాతిక శాతం వాటా కూడా కొన్నారు.

నన్ను పడగొట్టింది మాత్రం 2011 నాటి 'లె తాం సుస్పాందు' (ఆగిన కాలం) అనే వాచీ. పక్కనున్న బటన్ నొక్కితే రెండు ముళ్లూ చటుక్కున పన్నెండు దగ్గరికి వచ్చి నిలబడిపోతాయి, అదీ గంటల ముల్లు పన్నెండుకి కాస్త ఇవతల, నిమిషాల ముల్లు కాస్త అవతల. మామూలు వాచీలో ఆ టైము ఎప్పటికీ రాదు, ఎందుకంటే నిమిషాల ముల్లు పన్నెండు దాటిందంటే గంటల ముల్లు కూడా తన అంకె దాటి ఉండాలి కదా! తేదీ ముల్లు అసలే కనబడదు. లోపల మాత్రం లెక్క నడుస్తూనే ఉంటుంది. ఎంతసేపటికైనా సరే మళ్లీ నొక్కితే ముళ్లు తిన్నగా అసలు టైముకి వెళ్లి కూర్చుంటాయి.

ఈ మెకానిజం ఎర్మెస్‌వాళ్లది కాదు, జెనీవాలోని ఆజెనోర్ వర్క్‌షాపుకి చెందిన జాన్-మార్క్ వీడర్‌రెఖ్త్ చేసిపెట్టాడు. అయినా టైము చూపించకుండా ఉండే వాచీ కావాలని అడగడానికి గుర్రపు సామాను కుట్టుకునేవాళ్లే రావాల్సి వచ్చింది, తరతరాల వాచీ కంపెనీలేమో సెకనులో ఎన్నో వంతు కొలవాలా అని తలలు బద్దలు కొట్టుకుంటున్నాయి. ఆ ఏడాది జెనీవా గ్రాండ్ ప్రీ అనే వాచీల పోటీలో మగవాళ్ల వాచీల బహుమతి దీనికే ఇచ్చారు. 2025లో మళ్లీ కొత్తగా తెచ్చారు కూడా.

రేటు గురించి నన్నడక్కండి. నా చేతికి ఉన్నది నాన్న పాత కీ వాచీ, కీ ఇవ్వడం మర్చిపోయిన రోజు అదీ టైమును ఆపేస్తుంది, కాకపోతే మళ్లీ సరిచేయాలంటే ఫోను చూడాల్సిందే.