రజను, రజని కాదు

ఆరో తరగతిలో అయస్కాంతం పాఠంలో ‘ఇనుప రజను’ అని ఉంటే నేను ‘ఇనుప రజని’ అని చదివి క్లాసంతా నవ్వించాను. రజని అంటే రాత్రి. రజను అంటే లోహపు పొడి. సంస్కృతంలో ‘రజస్’ అంటే ధూళి, రజోగుణంలో ఉన్నదీ ఆ మాటే.

బాలానగర్‌లో మా బాబాయి లేత్ షాపులో మాత్రం రజను అన్నవాళ్లే లేరు. అక్కడ అది ‘బురాదా’. ఉర్దూ మాట, ఉర్దూకి అరబ్బీ నుంచి వచ్చింది. అరబ్బీలో ‘బరద’ అంటే ఆకురాయితో (ఫైల్‌తో) లోహాన్ని అరగదీయడం, ఆకురాయి పేరేమో ‘మిబ్రద్’.

సాయంత్రం ఊడవడం నా పని. బీడు, అంటే పోత ఇనుము, నల్లటి పొడిగా రాలేది, ఇత్తడి చిన్న చిన్న పెంకుల్లా. స్టీలుదైతే జంతికల్లా మెలికలు తిరిగిన పొడుగాటి చుట్టలు, చేత్తో లాగితే వేలు తెగేది. "చెయ్యి పెట్టకురా, కొక్కెంతో లాగు!" అని బాబాయి అరిచేవాడు. ఆ చుట్టల్ని బురాదా అనడానికి నాకిప్పటికీ మనసొప్పదు.

ఇంగ్లిష్‌వాళ్లు పొడినీ చుట్టల్నీ కలిపి ‘స్వార్ఫ్’ అనేస్తారు. పాత నార్స్ భాషలో ఆకురాయి పొడికి ‘స్వర్ఫ్’ అని పేరు, ఇదీ దాని చుట్టమే. అక్కడా ఆకురాయే!

ఇత్తడిది మాత్రం బాబాయి వేరే డబ్బాలో దాచేవాడు. పాతసామాన్లవాడు దానికి ఎక్కువ ఇచ్చేవాడు మరి.